తాలూకా బడి: గోడలు, రిజిస్టర్లు

(నారాయణఖేడ్ హైస్కూలు పూర్వ ఉపాధ్యాయుల స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసం అంటే ఎవరో ఒకరి పేరు మీద జరుగుతుంది. ఇది అలా కాదు. ఈ ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు మన మధ్య లేని సార్లందరి జ్ఞాపకార్థం మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అందుకు వారికి కృతజ్ఞతలు. తాలూకా బడిలో పనిచేసినవారిలో చాలామంది బయటి ఊళ్ళవాళ్ళు. రైలు రాని ఊరికి ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చి, బస్సు దిగి, అద్దెకు ఒక గది వెతుక్కుని, తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలగలిసి వినబడే బజారులో కూరగాయలు కొనుక్కుంటూ ఇక్కడ కుదురుకున్నారు. కొందరు మూడేళ్ళకు వెళ్ళిపోయారు, కొందరు ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళ పేర్లు బడి గోడకున్న శిలాఫలకాల మీద కనబడవు. అక్కడ రిబ్బను కత్తిరించినవారి పేర్లుంటాయి. సార్ల పేర్లు హాజరు పట్టీల అడుగున, ప్రోగ్రెస్ కార్డుల మీద, ప్రవేశాల రిజిస్టరు చివరి గడిలో సంతకాలుగా ఉంటాయి.

ఈ బడి చరిత్ర రెండు చోట్ల ఉంది: రిజిస్టర్లలో ఉంది, గోడల్లో ఉంది. పాతవైపోయాయని ఈ రెంటినీ మనం వదిలించుకుంటున్నాం. వదిలించుకునే ముందు చదవాలని చెప్పడానికే నేనీ రోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు ఊరి సంగతి. నారాయణఖేడ్ ఉన్నచోటే ఉంది, దాని మీది సర్కార్లే మారుతూ వచ్చాయి. ఆసఫ్‌జాహీల కాలంలో ఇది పైగా వంశపు అమీర్ల జాగీరులోని తాలూకా. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956 నవంబరు 1 దాకా మనది బీదరు జిల్లా. ఆ రోజు నుంచి మెదక్ జిల్లా. పేరు మెదక్, జిల్లా కచేరీ మాత్రం సంగారెడ్డి. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లా. కొత్త జిల్లాతో పాటు నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కూడా వచ్చింది. డెబ్బై, ఎనభై ఏళ్ళలో ఇన్ని చేతులు మారిన ఊరి కాగితాలు ఒకేచోట దొరకవు. పాత ఫైలు బీదరులో ఉండొచ్చు, హైదరాబాదులో రాజ్యాభిలేఖాగారంలో ఉండొచ్చు, సంగారెడ్డిలో జిల్లా పరిషత్తు బీరువాలో ఉండొచ్చు. ఇన్ని మార్పుల్లోనూ ఊరితో పాటే ఉన్నది బడి బీరువా ఒక్కటే. అందుకే దానికంత విలువ.

బీదరు మాట వచ్చింది కనుక అక్కడ కాసేపు ఆగుతాను. మన పాత జిల్లా కేంద్రంలో ఇప్పటికీ నిలిచి ఉన్న గొప్ప కట్టడాల్లో ఒకటి బడి. బహమనీ సుల్తానుల వజీరు మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా అది. గవాన్ ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతం నుంచి వ్యాపారిగా వచ్చి రాజ్యాన్ని నడిపే స్థాయికి ఎదిగినవాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడు అంతస్తులు. నడుమ పెద్ద ఆవరణ, దాని చుట్టూ గదులు, పాఠాలు చెప్పే హాళ్ళు, మసీదు, గ్రంథాలయం, విద్యార్థులకూ అధ్యాపకులకూ వసతి. గ్రంథాలయంలో మూడు వేల చేతిరాత పుస్తకాలుండేవని చరిత్రకారులు చెబుతారు. పునాదుల్లోకి చెమ్మ ఎక్కకుండా సీసపు రేకులు పరిచారట. ముఖభాగానికి అతికించిన నీలి, పసుపు, తెలుపు పలకలు ఐదున్నర శతాబ్దాల తర్వాత కూడా ఎండలో మెరుస్తున్నాయి. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖకు డైరెక్టరుగా పనిచేసిన గులాం యజ్దానీ 1947లో బీదరు కట్టడాల మీద పెద్ద గ్రంథం ప్రచురించి ఈ మదర్సాను గది గదిగా వర్ణించాడు.

గవాన్‌కు ఏం జరిగిందో మనకు తెలుసు. శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో అతణ్ణి చంపించాడు. అది జరిగింది మన తెలుగునేల మీద, కొండపల్లి దగ్గర. గవాన్ పోయాక కూడా మదర్సా రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. దాన్ని సగం కూల్చింది కాలం కాదు, వాడుక. ఔరంగజేబు బీదరును గెలిచాక అందులో సైనికులను ఉంచారు, గదుల్లో తుపాకిమందు నింపారు. 1696లో ఆ మందు పేలింది. ముఖభాగంలో సగం పోయింది, రెండు మీనార్లలో ఒకటి పోయింది. మిగిలిన మీనారును ఇప్పటికీ చూడవచ్చు. ఈ ఊరి పిల్లల్ని విహారయాత్రకు ఎక్కడికో తీసుకుపోతాం గానీ, ఒకే పగటిలో వెళ్ళి రాగల ఈ బడిని ఎందుకు చూపించమో నాకు అర్థం కాదు. బడి గదిని బడికి తప్ప మిగతా అన్నింటికీ వాడితే ఏమవుతుందో ఆ మీనారు చూపిస్తుంది. మన హైస్కూళ్ళు ఎన్నికల సామగ్రికీ, ధాన్యం బస్తాలకూ, విరిగిన బెంచీలకూ గోదాములవుతూ వచ్చాయి. అక్కడ తుపాకిమందు లేకపోవచ్చు. కానీ అలా వాడుక మారిన గదికి వాన కురిసినా, చెద పట్టినా పట్టించుకునే మనిషి ఉండడు.

ఇప్పుడు నిజాం కాలపు బడికి వద్దాం. పైగా ఇలాకాల్లో బడి పెట్టాలా వద్దా అన్నది అమీరు దయ. నేరుగా సర్కారు కింద ఉన్న దివానీ ఇలాకాల్లో తాలీమాత్ మహకమా, అంటే విద్యాశాఖ, చూసుకునేది. బడికి మూడు మెట్లు: కింద తహతానియా, నడుమ వస్తానియా, పైన ఫౌఖానియా. ఇప్పటి ప్రాథమిక, ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలలన్నమాట. ఈ మూడు మెట్లు తెలియకపోతే ఏ తాలూకా బడి పుట్టుకా తెలియదు. మనం బడి ఏ సంవత్సరంలో పుట్టిందని అడుగుతాం. అది ఒక్కసారి పుట్టదు. నాలుగో తరగతి దాకా ఒక బడిగా మొదలవుతుంది, ఏళ్ళ తర్వాత ఏడో తరగతి వస్తుంది, మరెన్నో ఏళ్ళ తర్వాత మెట్రిక్ వస్తుంది. ప్రతి మెట్టు వెనకా ఊరి పెద్దల అర్జీలూ, ఇన్‌స్పెక్టరు తనిఖీలూ, ఒక మంజూరు ఉత్తర్వూ ఉంటాయి. ఈ పుట్టుకలన్నీ రాస్తేనే బడి చరిత్ర అవుతుంది. వార్షికోత్సవం ఫ్లెక్సీ మీద వేసే ఒక్క సంవత్సరంతో అది తేలదు.

హైదరాబాదు నగరానికి దక్కినవీ తాలూకాలకు దక్కినవీ ఒకటి కావు. నగరంలో మూసీ ఒడ్డున సిటీ హైస్కూలుకు విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పన చేసిన భవనం 1921 నాటికి లేచింది. నేడది సిటీ కాలేజీ. అదే రాజ్యంలో తాలూకా కేంద్రాల్లోని పిల్లలు అద్దె ఇళ్ళ వరండాల్లో, చావడుల్లో, దేవిడీల్లో చాపలు పరుచుకుని చదివారు. కట్టడం చూస్తే సర్కారు ఎవరిని లెక్కలోకి తీసుకుందో తెలిసిపోతుంది.

చదువు ఏ భాషలో అన్నది ఆనాటి అసలు ప్రశ్న. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వచ్చింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ చదువు చెప్పవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయోగం అది. దాని గొప్పతనాన్ని నేను తగ్గించను. కానీ దాని కింద ఉన్న హైస్కూళ్ళలో కూడా ఉర్దూయే నడిచింది. ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడే పిల్లవాడు లెక్కలూ భూగోళమూ ఉర్దూలో వినాలి. చాలామంది వస్తానియా దాటలేదు. 1951 జనాభా లెక్కల్లో కూడా హైదరాబాదు రాష్ట్రంలో చదువు వచ్చినవారు నూటికి పదిమంది లేరు.

ఈ అన్యాయాన్ని గట్టిగా అడిగిన సభల్లో ఒకటి మన పక్కనే జరిగింది. 1930 మార్చిలో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. దానితో పాటే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. మాతృభాషలో చదువు ఆ ఉద్యమం మానకుండా అడిగిన కోరిక. అంతకు రెండేళ్ళ ముందు, 1928లో, మాడపాటి హనుమంతరావు హైదరాబాదు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. తెలుగులో చెప్పే హైస్కూలుకు రాజ్యంలో గుర్తింపు దొరకక, పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసుకోవాల్సి వచ్చింది. తెలుగు పిల్లలు తెలుగులో పరీక్ష రాయడానికి మరాఠీ దేశం తలుపు తట్టిన రోజులవి. నేడు ఈ వేదిక మీద తెలుగులో మాట్లాడుతుంటే ఆ తలుపు తట్టినవారిని తలుచుకోకుండా ఉండలేను.

ఆ కాలపు రిజిస్టర్లు ఎలా ఉంటాయో విద్యార్థుల కోసం చెబుతాను. దాఖిల్ ఖారిజ్ రిజిస్టరు అంటే బడిలో చేరినవారి, మానినవారి పట్టీ. కుడి నుంచి ఎడమకు ఉర్దూలో రాస్తారు. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలయ్యేది కనుక జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలనే చిన్న చిక్కు ఉంది. దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ అంటూ పన్నెండు పారశీక నెలలు. తాతల పుట్టిన తేదీల్లో తేడాలు ఎందుకున్నాయని ఇళ్ళల్లో వాదించుకుంటాం. చాలా తేదీలు ఇలా ఒక క్యాలెండరు నుంచి ఇంకో క్యాలెండరుకు మారేటప్పుడు తారుమారైనవే. పింఛను కాగితాల దగ్గర ఈ తేడా ఎంతమందిని తిప్పలు పెట్టిందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఆ పట్టీలో ఇంకా ఏముంటుంది? తండ్రి వృత్తి, కులం, మతం, ఊరు, ఇంటి భాష, బడి మానిన కారణం. ఆ కారణం గడి ఒక్కటి చాలు తాలూకా సాంఘిక చరిత్ర రాయడానికి. పొలం పని, పెళ్ళి, వలస, జబ్బు, ఫీజు కట్టకపోవడం. దళితవాడ నుంచి మొదటి పేరు ఏ సంవత్సరంలో చేరింది? తండా నుంచి మొదటి పిల్లవాడు ఎప్పుడొచ్చాడు? ఆ రిజిస్టరులో మొదటి ఆడపిల్ల పేరు ఏ పేజీలో ఉంది? ఏ పుస్తకంలోనూ దొరకని జవాబులివి. ఆ కట్టలో దొరుకుతాయి.

1948 సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిశాక పరిస్థితి వేగంగా మారింది. ఉర్దూ స్థానంలో తెలుగు, కన్నడం, మరాఠీ మాధ్యమాలు వచ్చాయి. నిన్నటి దాకా ఉర్దూలో చెప్పిన సారు ఇవాళ తెలుగులో చెప్పాలి. పాఠ్యపుస్తకాలు చాలవు, ఉపాధ్యాయులు చాలరు. బయటి నుంచి ఉపాధ్యాయులను తెచ్చారు. స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న 1952 ముల్కీ ఉద్యమం వెనక ఆ కథ కూడా ఉంది. బీదరు జిల్లాలోని మన తాలూకాలో ఈ మార్పు మరీ కష్టం. ఇక్కడ ఏ భాషను ఎంచుకున్నా, ఇంకో భాష పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టం తాలూకాలను, గిర్దావరు సర్కిళ్ళను విడివిడిగా తీసి పంచింది. జహీరాబాదు తాలూకాలో నిర్ణా సర్కిలును అటు మైసూరులో ఉంచి మిగతాది ఇటు ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. బీదరు తాలూకా నుంచి న్యాల్‌కల్ సర్కిలును ఇటు తెచ్చారు. నారాయణఖేడ్ తాలూకా మొత్తం ఇటు వచ్చింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు తెలుగు రాష్ట్రపు హైస్కూల్లో, తెలుగు మాట్లాడే పిల్లలు మైసూరు రాష్ట్రపు హైస్కూల్లో పడ్డారు. ఈ గీత మ్యాపు మీద సన్నగా కనిపిస్తుంది. తరగతి గదిలో అది ఒక తరం పిల్లల నోటి మీదుగా పోయింది. వాళ్ళకు ఓపికగా అక్షరాలు దిద్దించిన సార్లకే ఈ రోజు మనం నమస్కరిస్తున్నది.

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. ఆ అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించాడు. జిల్లా పరిషత్తు హైస్కూలు అనే పేరు ఆ ఏర్పాటు నుంచే పుట్టింది. రిజిస్టర్ల కథ అయింది, ఇక్కడి నుంచి గోడల కథ.

ఈ తాలూకాలో పాత బడి గోడను చదవడం కష్టం కాదు. బీదరు గుట్ట అంతా ఎర్రరాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలికి ఆరి గట్టిపడే లాటరైటు. ఇటు నల్లరేగడి, నల్లరాయి. పాత గోడల్లో ఈ రాళ్ళను గానుగలో ఆడించిన డంగు సున్నంతో కట్టారు. గోడ మందం చేతిని చాపినంత ఉంటుంది. అందుకే ఏప్రిల్‌లో కూడా లోపల చల్లగా ఉంటుంది. పైన టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు. కింద తాండూరు బండలు. తాండూరు కూడా మనతో పాటే, అదే చట్టంలోని అదే సెక్షనుతో, గుల్బర్గా జిల్లా నుంచి ఇటు వచ్చిన తాలూకా. ముందు పొడుగాటి వరండా, ఎత్తుగా వెంటిలేటర్లు, గోడలో గూళ్ళు. గంటకు రైలు పట్టా ముక్క; రైలు ఎరగని ఊళ్ళలో కూడా అదే మోగేది.

ఆ తర్వాతవి సిమెంటు స్లాబు గదులు. పథకం వచ్చినప్పుడల్లా రెండు గదులు వేశారు. ఎమ్మెల్యే నిధులతో ఒక జత, సర్వశిక్షా అభియాన్‌తో ఒక జత, 2009 తర్వాత మాధ్యమిక శిక్షా అభియాన్‌తో ఇంకో జత. ఏ జతా పక్క జతను చూసి కట్టింది కాదు. ఒకదాని నీళ్ళు ఇంకోదాని పునాదిలోకి పోతాయి. ఒక హైస్కూలు ఆవరణలో నిలబడి చుట్టూ చూస్తే అరవై ఏళ్ళ పథకాల జాబితా కళ్ళ ముందు ఉంటుంది. నా మాట కఠినంగా అనిపించవచ్చు గానీ, వరండా లేని స్లాబు గది తెలంగాణ ఎండకు కట్టింది కాదు. అది టెండరుకు కట్టింది. పాత మేస్త్రీకి తెలిసిన గాలి, నీడ లెక్క కొత్త అంచనాల్లో కనబడదు.

అలాగని పాతదంతా బంగారమని అనను. పాత బడి మగపిల్లల కోసం కట్టిన బడి. ఆడపిల్లలు ఉంటారన్న ఊహే ఆ ప్లానులో లేదు. మరుగుదొడ్లు లేవు, నీళ్ళు లేవు. పెంకుటింట్లో వానాకాలం పాఠం సగం గది ఖాళీ చేసి జరిగేది. 2011 లెక్కల్లో ఉమ్మడి మెదక్ జిల్లా అక్షరాస్యత సుమారు 61 శాతమే. అందులో స్త్రీల అక్షరాస్యత సగానికి కాస్త పైన. ఆడ, మగ చదువుల మధ్య ఆ అంతరంలో కొంత భాగం బడిలో లేని మరుగుదొడ్డిదే.

ఇంకో సంగతి గోడల్లో కనబడదు, హాజరు పట్టీలోనే కనబడుతుంది. దసరా దాటితే ఈ ప్రాంతపు తండాల నుంచి, పల్లెల నుంచి కుటుంబాలు చెరకు నరకడానికి జహీరాబాదు వైపు, కర్ణాటక వైపు, మహారాష్ట్ర వైపు వెళ్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా పేర్ల ముందు వరుసగా గైర్హాజరు గుర్తులు. పదో తరగతి పరీక్ష సరిగ్గా ఆ వలస తిరిగొచ్చే వేళకు వస్తుంది. మంచి ప్రధానోపాధ్యాయులు అక్టోబరులోనే తండాకు వెళ్ళి, ఈ పిల్లను మాత్రం ఉంచి వెళ్ళండి, నాయనమ్మ దగ్గరైనా, హాస్టల్లోనైనా సరే అని బతిమాలేవారు. ఏ జీవోలోనూ లేని ఉద్యోగం అది. దానికి ఏ ఇంక్రిమెంటూ రాలేదు. ఈ ప్రాంతంలో పోలీసులుగా, నర్సులుగా, టీచర్లుగా ఉన్న ఎందరో ఆ బతిమాలడం వల్లే నిలబడ్డారు.

2022లో రాష్ట్ర ప్రభుత్వం మన ఊరు–మన బడి పథకం ప్రకటించింది. 26,065 బళ్ళు, 7,289 కోట్ల రూపాయలు, మూడు విడతలు, పన్నెండు రకాల పనులు. అదే ఏడాది సర్కారు బళ్ళన్నింటిలో ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టడం మొదలైంది. ఏడు దశాబ్దాల్లో ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిషుకు మారిన బడి ఇది. ఎవరు కోరినా కోరకపోయినా, ప్రతి మార్పులోనూ ఇంట్లో పుస్తకం లేని పిల్లే ఎక్కువ భారం మోసింది. పథకం వచ్చిన ప్రతిచోటా శిథిల గదుల జాబితా తయారవుతుంది. శిథిలమైతే కూల్చవలసిందే, పిల్లల నెత్తి మీద పెచ్చులు రాలే గదిని చరిత్ర పేరుతో నిలబెట్టమని ఎవరూ అడగకూడదు. కూల్చే ముందు కొలిచి, ఫొటో తీసి, ఏ రాయి, ఏ సున్నం, ఏ కొలత అని రాసి పెట్టమని అడుగుతున్నాను. బలంగా ఉన్న గదిని మాత్రం పెంకులు మార్చి, సున్నం వేసి నిలబెట్టండి.

అందుకే ఈ సభకు నా విన్నపం. ఈ ఊళ్ళో ఉర్దూ చదవగల పెద్దలు ఇంకా ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురిని బడికి పిలిచి, పాత రిజిస్టర్ల పక్కన కూర్చోబెట్టి, తొమ్మిదో తరగతి పిల్లల చేత పేజీ పేజీ తెలుగులో రాయించండి. ఫొటో తీసి మూడు ప్రతులు ఉంచండి: ఒకటి బడిలో, ఒకటి గ్రంథాలయంలో, ఒకటి సంగారెడ్డిలో. పూర్వ విద్యార్థులు తమ ఇళ్ళ గోడల మీద ఉన్న గ్రూపు ఫొటోలు తెచ్చి ఇవ్వండి. వెనక ఎవరెవరో పెన్సిలుతో రాసి మరీ ఇవ్వండి. ఇక్కడ పనిచేసిన ప్రతి ఉపాధ్యాయుడి, ఉపాధ్యాయిని పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ సబ్జెక్టు అన్న పట్టిక ఒకటి తయారుచేసి ప్రధానోపాధ్యాయుల గది ముందు పెట్టండి. ఈ పనికి టెండరు అక్కరలేదు, మంజూరు ఉత్తర్వు అక్కరలేదు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి. ఉర్దూ చదవగల ఆ పెద్దలకు వయసు మీద పడుతోంది.